ఒంటిచేత్తో లేచిన ట్రైలర్

పడవ అమ్మినాయన ట్రైలర్ ముందుకొన పట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తి చూపించాడు. "చూశావా ఎంత తేలికో! జాక్ తిప్పే పనే లేదు, మీ ఇంట్లో ఎవరైనా కారుకి తగిలించేయగలరు" అన్నాడు. నేను మురిసిపోయాను. రెండొందల డాలర్లు తగ్గించమని అడుగుదామని గొంతు దాకా వచ్చింది, ఆ తేలిక చూశాక అడగబుద్ధి కాలేదు. ఐదు వారాల తర్వాత మమ్మల్ని హైవే మీద పడెయ్యబోయింది ఆ తేలికే.

మేం డాలస్‌కి ఉత్తరాన మెకిన్నీలో ఉంటాం. నేను పుట్టి పెరిగింది కోనసీమ లంకల్లో. పంటు దాటకుండా కాలేజీకి వెళ్ళిన రోజు లేదు. నీళ్ళూ పడవలూ నాకు కొత్త కాదన్న ధీమాతోనే ఇది కొన్నాను. పద్దెనిమిది అడుగుల అల్యూమినియం చేపల పడవ, వెనక 115 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ మోటారు, ముందు బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటారు. ఒంటి ఇరుసు ట్రైలర్. దానికి బ్రేకుల్లేవు. "పాత టూ-స్ట్రోక్ తీయించేసి ఈ మోటారు పెట్టించాను, మూడేళ్ళే అయింది" అని కూడా చెప్పాడాయన. అదీ ఒక సుగుణమే అనుకున్నాను. ఈ రెండు సుగుణాలకీ చుట్టరికం ఉందని అప్పుడు తట్టలేదు.

మొదటి రెండుసార్లూ దగ్గర్లో ఉన్న లేక్ లావన్‌కి వెళ్ళాం. ఊళ్ళో రోడ్లు, నలభై నలభై అయిదు మైళ్ళ వేగం. ఏ ఇబ్బందీ లేదు. మూడోసారి టెక్సోమా అనుకున్నాం. రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టగా 1940ల్లో ఏర్పడిన పెద్ద జలాశయం అది, టెక్సాస్‌కీ ఓక్లహోమాకీ సరిహద్దు. అక్కడ చారల బాస్ పడుతుంది. పులుసుకి మా పండుగప్ప తర్వాత దాన్నే చెప్పుకోవాలి. మా నాన్న ఇండియా నుంచి వచ్చి నెలయింది, ఆయనకి చూపించాలని నా ఆరాటం.

మా వాళ్ళ ప్రయాణం అంటే తెలుసు కదా. పులిహోర, కోడికూర, రెండు పెద్ద ఐసు పెట్టెలు, మంచినీళ్ళ కేసులు, గ్యాస్ పొయ్యి, మడత కుర్చీలు. కారులో నలుగురు మనుషులం కాబట్టి సామానంతా పడవలో వేశాం. పడవలో కూడా ఎక్కడ? ఖాళీ ఎక్కువున్నది వెనకాల, మోటారు ముందర. అక్కడే పేర్చాం.

యూఎస్-75 మీద వాన్ ఆల్స్టైన్ దాటాక కొంచెం పల్లం వస్తుంది. నేను 65లో ఉన్నాను. ఎడమ పక్కనుంచి ఒక పెద్ద ట్రక్కు దాటుకుని పోయింది. దాని గాలి తాకిడికి ట్రైలర్ ఒకసారి పక్కకి జరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిగింది, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. మూడో ఊపుకి కారు వెనకభాగం కూడా దాంతో పాటు కదలడం మొదలెట్టింది. అద్దంలో చూస్తే పడవ మోటారు ఒకసారి కుడి అద్దంలో, ఒకసారి ఎడమ అద్దంలో. అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు వేశాను. అది ఇంకా రెచ్చిపోయింది. వెనక సీట్లోంచి నాన్న "ఒరే ఒరే, ఊపేస్తోందిరా, వదిలెయ్ వదిలెయ్" అని అరిచాడు. ఏం వదిలెయ్యమన్నాడో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. కానీ కాళ్ళు రెండూ తీసేసి, స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పి సరిచేసే ప్రయత్నం మానేసి, తిన్నగా బిగించి పట్టుకున్నాను. యాభైకి దిగేసరికి ఊపు తగ్గింది, నలభై అయిదుకి ఆగిపోయింది. మొత్తం పది సెకన్లు పట్టిందేమో. మా ఆవిడ పట్టుకున్న పులిహోర గిన్నె మూత మాత్రం ఊడలేదు.

చెయ్యాల్సింది అదేనని తర్వాత తెలిసింది. యాక్సిలరేటర్ వదిలెయ్యాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, కారు బ్రేకు తొక్కకూడదు. కారు బ్రేకు పడితే ముందున్న కారు నెమ్మదిస్తుంది, వెనకున్న ట్రైలర్ తోసుకొస్తుంది, అప్పటికే వంకరగా ఉంది కాబట్టి ఇంకా మెలి తిరుగుతుంది. ట్రైలర్‌కి కరెంటు బ్రేకులుండి, డ్రైవరు చేతికింద దాని మీట ఉంటే ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసి దాన్ని వెనక్కి లాగి సర్దొచ్చు. మా దానికి ఆ సౌకర్యం లేదు.

ఎగ్జిట్ తీసుకుని పక్కన ఆపాను. నాన్న దిగి ట్రైలర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆయన జీవితంలో ట్రైలర్ తోలలేదు కానీ ఇరవై ఏళ్ళు ఎడ్లబండి మీద ధాన్యం తోలాడు. ఐసు పెట్టెల వైపు చూసి "బండి వెనకబరువైపోయిందిరా, ఎవరు సర్దారు ఇది?" అన్నాడు. సర్దింది నేనే. ధాన్యం బస్తాలు ఇరుసుకి వెనక ఎక్కువ పడితే కాడి పైకి లేస్తుంది, పలుపు ఎద్దు గొంతుకి బిగుస్తుంది. ముందు ఎక్కువ పడితే మెడమీద కాయలు కాస్తాయి. కాడి ఎద్దు మెడమీద ఆనీ ఆననట్టు కాకుండా కాస్త ఆనాలి అంటాడాయన. "చిన్న తేడా అయితే బండి తోలేవాడే ముందుకో వెనక్కో జరిగి కూర్చుంటాడు. నీ బండి మీద కూర్చునేవాడు లేడుగా" అన్నాడు. ఐసు పెట్టెలు కారులోకి మార్చి, మా వాడి కాళ్ళు ఒక పెట్టె మీద పెట్టించి, పక్కరోడ్డు మీద యాభైకి మించకుండా వెళ్ళాం. ట్రైలర్ బుద్ధిగా వచ్చింది.

అయితే నాన్నకి తెలిసిన సూత్రం సగమే సరిపోతుంది. ఎడ్లబండి గంటకి రెండు మూడు మైళ్ళు పోతుంది, బరువు తప్పితే ఎద్దుకి నొప్పి, అంతవరకే. 65లో బరువు తప్పితే ట్రైలర్ లోలకంలా తయారవుతుంది. ముందుకొన మీద బరువు తగినంత ఉంటే ప్రతి ఊపూ ముందుదానికంటే తగ్గుతూ పోతుంది. తక్కువుంటే ఒక వేగం దాటాక ప్రతి ఊపూ పెరుగుతుంది. అందుకే లావన్‌కి వెళ్ళినప్పుడు ఏమీ తెలియలేదు. జబ్బు అప్పుడూ ఉంది, బయటపడే వేగం రాలేదంతే.

ఆ రాత్రి ఇంటికొచ్చాక బాత్రూమ్ తూకం యంత్రం బయటికి తెచ్చాను. ట్రైలర్ ముందుకొన కారు హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే చోట, వేసే భారాన్ని ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. మొత్తం ట్రైలర్ బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో అందరూ చెప్పే లెక్క. పడవ ట్రైలర్లకి ఇంకొంచెం తక్కువైనా చాలనే తయారీదారులు ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావమరిది అయితే "మాకు 5 నుంచి 7 శాతమే, మీరంతా ఎందుకు మోస్తారు?" అని వాదించాడు. నిజమే, కానీ అక్కడ ట్రైలర్ లాగే కారు మోటార్‌వేలో 60 దాటకూడదు. మా హైవేలో 60లో వెళ్తే వెనకవాడు హారన్ కొడతాడు. శాతం గురించి మాట్లాడేవాళ్ళు వేగం గురించి కూడా కలిపి మాట్లాడాలి.

ట్రైలర్ ముందుకొనన కారుకి తగిలే భాగాన్ని కప్లర్ అంటారు. దాని కింద తూకం పెట్టి, చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, జాక్ దించాను. 158 పౌండ్లు. ఫర్వాలేదే అనుకున్నాను. అప్పుడు ఒక అనుమానం వచ్చింది. తూకం నేలమీద ఉంది, కప్లర్ నేలదాకా వంగి ఉంది. కారుకి తగిలించినప్పుడు అది పదిహేడు అంగుళాల ఎత్తులో ఉంటుంది. సిమెంటు ఇటుకలు, చెక్క ముక్కలు పేర్చి వాటిమీద తూకం పెట్టి, ట్రైలర్ సమంగా ఉండే ఎత్తులో మళ్ళీ తూచాను. 132. ఇరవయ్యారు పౌండ్లు గాల్లో కలిసిపోయాయి. ఆలోచిస్తే అర్థమైంది. పడవ బరువు ఇరుసుకి పైన ఉంటుంది. ముక్కు కిందికి వంచితే ఆ బరువు ముందుకి ఒరుగుతుంది, ముక్కు పైకెత్తితే వెనక్కి ఒరుగుతుంది. అంటే కారు హిచ్ ఎత్తు ఎక్కువై ట్రైలర్ ముక్కెత్తుకుని పోతుంటే ఉన్న భారం కూడా తగ్గిపోతుందన్నమాట. దూరంగా నిలబడి చూస్తే మాది కొంచెం ముక్కెత్తే ఉంది. మర్నాడే కప్లర్ కూర్చునే గుండుని ఇంకా దిగువన ఉంచే బాల్ మౌంట్ కొన్నాను.

ఇక మొత్తం బరువు ఎంతో తెలియాలి. కాగితాల్లో పడవ బరువు, మోటారు బరువు, ట్రైలర్ బరువు ఉంటాయి, కానీ పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, సామాను ఎవరూ రాయరు. ట్రక్కు స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది. పెద్ద ట్రక్కులవాళ్ళు తూచుకునేది. మనమూ తూచుకోవచ్చు, పది పదిహేను డాలర్ల వ్యవహారం, రెండోసారి తూకానికి ఇంకా తక్కువ. కారు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద, ట్రైలర్ మూడో పలక మీద ఉండేలా ఆపాలి. నా వెనక రెండు పద్దెనిమిది చక్రాల ట్రక్కులు లైన్లో నిలబడ్డాయి. వాళ్ళ మధ్య నేను, ఒక చేపల పడవ, ముందు సీట్లో పంచె కట్టుకున్న మా నాన్న. సిగ్గనిపించింది కానీ ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన చెయ్యి కూడా ఊపాడు.

చీటీలో ముందు ఇరుసు 2,620, వెనక ఇరుసు 2,500, ట్రైలర్ 2,760. తర్వాత ట్రైలర్‌ని పార్కింగ్‌లో విప్పేసి కారు ఒక్కదాన్నే తూచాను. ముందు 2,680, వెనక 2,300. కారు మీద ట్రైలర్ వేసిన భారం 5,120లోంచి 4,980 తీసేస్తే 140 పౌండ్లు. ఆ యంత్రం ఇరవైల లెక్కనే చూపిస్తుంది కాబట్టి మా ఇంటి 132తో సరిపోయినట్టే. ట్రైలర్ మొత్తం 2,900. అయిదు శాతం కూడా లేదు. అదీ ఐసు పెట్టెలు లేకుండా! హైవే మీద వెళ్ళిన రోజు అవి కూడా వెనక ఉన్నాయి కాబట్టి ఇంకా తక్కువుండేది.

చీటీలో ఇంకో సంగతి గమనించండి. ట్రైలర్ తగిలించగానే కారు ముందు చక్రాల మీద 60 పౌండ్లు తగ్గాయి, వెనక చక్రాల మీద 200 పెరిగాయి. హిచ్ కారు వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంటుంది కాబట్టి అది ముందుని పైకెత్తుతుంది. అందుకే ఈ భారం మరీ ఎక్కువైనా ప్రమాదమే, స్టీరింగ్ తేలిపోతుంది.

టైర్లు కూడా చూశాను. టైరు పక్కన 50 పీఎస్ఐ అని అచ్చేసి ఉంటే లోపల 34 ఉంది. నేనే కారు టైర్ల లెక్కన కొట్టించాను. మెత్తటి టైరు పక్కలకి ఊగడానికి ఇంకా సాయం చేస్తుంది. అది అప్పటికప్పుడు సరిచేశాను.

తప్పెక్కడుందో కూర్చుని లెక్కేశాను. మోటారు మెర్క్యురీ వాళ్ళది, 359 పౌండ్లు. పాత టూ-స్ట్రోక్ కంటే ఒక యాభై అరవై ఎక్కువే ఉంటుంది. అది ఇరుసుకి ఏడడుగుల వెనక వేలాడుతోంది. పైగా కొత్త మోటారు పెట్టించినప్పుడే ట్రోలింగ్ మోటారు కోసం రెండు పెద్ద బ్యాటరీలు కూడా వెనక గూట్లోనే పెట్టించారు. ట్రైలర్ మాత్రం పాత పడవ బరువుకి సర్దినదే. అందుకే ఒంటిచేత్తో లేచింది.

నాన్న సలహా "ముందు ఒక బస్తా కట్టెయ్, పోతుంది" అని. కట్టాను. యాభై పౌండ్ల ఇసుక సంచులు రెండు, ముందుకొన దగ్గర తాళ్ళేసి బిగించాను. ఎనభై పౌండ్ల దాకా పెరిగింది. లావన్‌కి 60లో తోలి చూశాను, అల్లరి లేదు. నాన్న మీసం మెలేశాడు. పడవని నీళ్ళలోకి దించే వాలుదారిలో, అదే రాంప్‌లో, దింపినప్పుడు సంచులు తడిసి, ఇసుక కారి, పడవని ట్రైలర్ మీదికి లాగే వించ్ పళ్ళలోకి పోయి కరకరలాడింది. అదొక్కటే కాదు, ఉపయోగం లేని వంద పౌండ్లు మోసుకు తిరగడం నాకు నచ్చలేదు. ఇరుసు మొయ్యగలిగేది 3,500 పౌండ్లు, ఇలా బస్తాలు కట్టుకుంటూ పోతే దానికీ ఒక హద్దుంది. బరువు కలపడం కాదు, ఉన్న బరువుని జరపడం కావాలి.

జరపడానికి తేలిగ్గా కనిపించింది వించ్ స్తంభం. పడవ ముక్కు ఆనుకునేది దానికే. అది నాలుగు యూ-బోల్టుల మీద నిలబడి ఉంటుంది, విప్పి ముందుకి జరిపితే పడవ మొత్తం ముందుకి జరుగుతుంది. లెక్క కూడా సులువే. పడవ బరువుని జరిపిన దూరంతో గుణించి, కప్లర్ నుంచి ఇరుసు దాకా ఉన్న దూరంతో భాగించాలి. మాది 2,200 పౌండ్లు, అయిదంగుళాలు, 192 అంగుళాలు. 57 పౌండ్లు వస్తుంది. చిన్న జరుపుకే ఎంత ఫలితమో అని సంబరపడి జరిపేశాను. నీళ్ళలో దింపి మళ్ళీ ఎక్కించి కొత్త చోట బిగించాను.

రాంప్ పక్కన కుర్చీ వేసుకుని గేలం వేసుకుంటున్న ఒక ముసలాయన లేచి వచ్చి, ఏమీ అనకుండా నా పడవ వెనక్కి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు. పడవ ఆనే తివాచీ చుట్టిన పొడవాటి చెక్కల్ని బంక్‌లంటారు. అవి పడవ వెనక గోడ దాకా ఉండాలి. పడవ ముందుకి జరిగింది కాబట్టి ఇప్పుడు బంక్‌ల చివరలు ఆ గోడ దాటి అయిదంగుళాలు బయటికి పొడుచుకొచ్చాయి.  పడవ ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ గోడ అడుగున ఏదైనా బిగించి ఉంటే ఆ చివరలు దానికి తగిలి దెబ్బతీస్తాయి. ఆయనకి ధన్యవాదాలు చెప్పి స్తంభాన్ని పాతచోటికే జరిపాను. ఇంటర్నెట్లో ఎన్ని గంటలు చదివానో, ఈ ఒక్క మాట ఎక్కడా నా కంట పడలేదు. లేదా పడినా బుర్రకెక్కలేదు.

తర్వాత బ్యాటరీలు. రెండూ కలిపి 110 పౌండ్లు. ట్రోలింగ్ మోటారు ఉన్నది ముందు కొసన, దాని బ్యాటరీలు వెనక ఎందుకుండాలి? ముందు డెక్ కింద గూట్లో ప్లాస్టిక్ పెట్టెలు బిగించి, పట్టీలు వేసి అక్కడికి మార్చాను. పదకొండు అడుగులు ముందుకొచ్చాయి. 76 పౌండ్లు కలిసింది. లంగరు, దాని గొలుసు, తాడు కూడా ముందుకి తెచ్చాను, ఇంకో ఇరవై. కొత్త బరువు ఒక్క పౌండు లేకుండా 132 కాస్తా 228 అయింది. నీళ్ళలో కూడా మేలే జరిగింది. ఇదివరకు వేగం అందుకునేటప్పుడు ముక్కు ఆకాశంకేసి చూసేది, ఎదురుగా ఏముందో కనబడేది కాదు. ఇప్పుడు తొందరగా సమంగా తేలుతోంది. వెనకబరువు రోడ్డు మీదే కాదు, నీళ్ళమీద కూడా వెనకబరువే.

ఎనిమిది శాతానికి వచ్చాం. ఇక్కడితో ఆగినా బండి నడిచేదేమో. కానీ ఆ పది సెకన్లు నా వెన్నులో ఉండిపోయాయి. ఇరుసు జరపాలనుకున్నాను.

ఇరుసుని వెనక్కి జరిపితే ముందుభారం పెరుగుతుంది. మా ట్రైలర్ గాల్వనైజ్ చేసిన ఇనుప చట్రం, ఇరుసు మోసే కమాన్లు చట్రానికి వెల్డింగ్ కాదు, బోల్టులే. వెల్డింగ్ చేసినవైతే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. పడవని ఒక స్నేహితుడి డాక్ దగ్గర నీళ్ళలో వదిలేసి ఖాళీ ట్రైలర్ ఇంటికి తెచ్చాను. బోల్టులకి రెండు రోజులు తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టాను. అయినా రెండు నట్లు కదల్లేదు, గ్రైండర్‌తో కోసేశాం. ఎలాగూ పాత యూ-బోల్టులు మళ్ళీ వాడకూడదనే అన్నారు, సాగిపోయి ఉంటాయట. కొత్తవి తెచ్చాను. చట్రం మీద పాత స్థానం దగ్గర మార్కర్‌తో గీత గీశాను, ఎంత జరిపామో తెలియడానికి, బెడిసికొడితే వెనక్కి రావడానికి.

అయిదంగుళాలు జరపడం అయిదు నిమిషాల పని. రెండు పక్కలా సమంగా జరపడం మధ్యాహ్నమంతా పట్టింది. కప్లర్ మధ్యనుంచి కుడి చక్రం ఇరుసు కొన దాకా ఎంతో, ఎడమ కొన దాకా అంతే ఉండాలి. ఎనిమిదో వంతు అంగుళానికి మించి తేడా ఉంటే ట్రైలర్ పీతలా పక్కకి నడుస్తుంది, టైర్లు నెలల్లో అరిగిపోతాయి. నేను కప్లర్ దగ్గర, నాన్న చక్రం దగ్గర టేపు పట్టుకున్నాం. మొదటిసారి మూడు ఎనిమిదో వంతులు తేడా. సుత్తితో ఇటు ఒక దెబ్బ, అటు ఒక దెబ్బ. నాన్నకి అంగుళాల్లో చిన్న గీతలు కనబడక "మూడు గీతలు తక్కువ" "రెండు గీతలు ఎక్కువ" అంటుంటే ఏ గీతలో అర్థంకాక ఒకసారి ఇద్దరం కోప్పడ్డాం కూడా. చివరికి మా వాడు వచ్చి టేపు చదివాడు. టేపు లాగడం మాత్రం నాన్నే చేశాడు, ఎండలో, టోపీ పెట్టుకోమంటే పెట్టుకోకుండా.

మడ్‌గార్డులు కూడా చక్రంతో పాటు జరపాలని ముందు గుర్తురాలేదు. వాటికి కొత్తగా చిల్లులు పొడవాల్సి వచ్చింది. లైట్ల వైరు ఒకచోట బిగిసిపోతుంటే వదులు చేశాను. మా దానికి బ్రేకులుంటే బ్రేకు గొట్టాలు కూడా చూసుకోవాల్సి ఉండేది, ఆ బాధ తప్పింది.

పడవ ఎక్కించుకొచ్చి మళ్ళీ తూకం. ఈసారి మూడొందలకి దగ్గరవుతుందని తెలుసు, మా బాత్రూమ్ యంత్రం అంత మొయ్యదు. దానికో ఉపాయం ఉంది. గట్టి దూలం ఒక కొస ఇటుక మీద, రెండో కొస తూకం మీద పెట్టాలి. ఆ రెండు ఆనికల మధ్య మూడడుగులుండాలి. కప్లర్‌ని ఇటుకకి అడుగు దూరంలో, తూకానికి రెండడుగుల దూరంలో దూలం మీద దించాలి. తూకం మీద పడేది మూడో వంతే, కాబట్టి వచ్చిన అంకెని మూడుతో గుణించాలి. దూలం బరువు ముందే సున్నా చేసుకోవాలి. 97 చూపించింది. 291. తర్వాత క్యాట్ స్కేల్‌కి వెళ్తే తేడా 300 వచ్చింది. పది శాతం.

ఆ శనివారం టెక్సోమాకి వెళ్ళాం. అదే పల్లం, ట్రక్కులు అలాగే దాటుకుంటూ పోయాయి. ఒక్కోసారి గాలికి ట్రైలర్ కొంచెం కదిలి వెంటనే నిలబడింది. నేను 62 దాటలేదు. మా ఆవిడ దారిపొడుగునా అద్దంలోనే చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. ఎదురొచ్చే బళ్ళవాళ్ళు వరసగా లైట్లు కొడుతున్నారు. డిమ్ లైట్లే వేశాను, అయినా కొడుతున్నారు. పెట్రోలు బంకులో దిగి చూస్తే కారు వెనక కూర్చుండిపోయి, ముందు లైట్లు చెట్ల మీదికి చూస్తున్నాయి. అనుమానమొచ్చి పడవ ముందు గూడు తెరిచాను. ఇసుక సంచులు రెండూ అందులో ఉన్నాయి. "నువ్వే దాచమన్నావుగా నాన్నా" అన్నాడు మా వాడు. గరాజ్‌లో దాచమన్నాను నేను. ఆ సంచులతో భారం 380 దగ్గరికి పోయుంటుంది. శాతం ప్రకారం పన్నెండున్నర, పుస్తకం లెక్కలో తప్పే కాదు. కానీ మా కారులో నలుగురు మనుషులు, వెనక రెండు ఐసు పెట్టెలు, నిండా చేపలు. హిచ్ మీద పడే భారం కూడా కారు మొయ్యాల్సిన సామానులో భాగమే కదా. ట్రైలర్‌కి సరిపోయే అంకె కారుకి కూడా సరిపోవాలి. సంచులు విప్పి ఇసుకని అక్కడే మొక్కల మొదట్లో పోసేశాను.

ఇప్పుడు బయలుదేరేముందు రెండే పనులు. ఐసు పెట్టెలు కారులోకి, లేదా పడవలోనే అయితే ఇరుసుకి కాస్త ముందు. పడవలో చేపలుంచే తొట్టిలో నీళ్ళు పూర్తిగా తీసెయ్యడం. ఇరవై గాలన్లు పడుతుంది మా దాంట్లో, గాలనుకి ఎనిమిది పౌండ్ల పైన, అదంతా వెనకబరువే. ఎలాగూ టెక్సాస్‌లో చెరువు దగ్గర్నుంచి కదిలేముందు పడవలో నీళ్ళన్నీ తీసెయ్యాలని 2014 నుంచి నియమం ఉంది. 2009లో, పడవల నీళ్ళతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకే జీబ్రా ఆల్చిప్పలు రాష్ట్రంలో మొదట బయటపడింది కూడా టెక్సోమాలోనే. ఆల్చిప్పల కోసం పెట్టిన నియమం నా ట్రైలర్‌కి కూడా పనికొస్తోంది.

యాభై మైళ్ళు తిరిగాక కొత్త బోల్టులు మళ్ళీ బిగించాలన్నారు. బిగిస్తే ఒకటి పావు తిప్పు తిరిగింది, మిగతావి కదల్లేదు. కుడివైపు మడ్‌గార్డు మాత్రం ఇంకా కుదర్లేదు, గుంటలో పడ్డప్పుడల్లా టైరుకి రాసుకుంటోంది. నాన్న వెళ్ళేలోపు అది సరిచేద్దామనుకున్నాం, కాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతున్నాడు.